ప్లాటు అమ్మి లా ఫర్మ్ పెట్టించాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి హైదరాబాద్‌లో ఐదేళ్ల లా కోర్సు చివరి సంవత్సరంలో ఉన్నాడు. సీనియర్ దగ్గర చేరనంటున్నాడు. ఇద్దరు క్లాస్‌మేట్లు, ఎంబీఏ చేసిన ఇంకో ఫ్రెండ్‌తో కలిసి మాదాపూర్‌లో లా ఫర్మ్ పెడతాడట. మొదటి ఏడాదికి 35 లక్షలు అవుతుందని లెక్క రాసి ఇచ్చాడు. ఇక్కడున్న ప్లాటు అమ్మితే సర్దవచ్చు. డబ్బు నాదే కాబట్టి నన్ను కూడా పార్ట్‌నర్‌గా పెట్టమన్నాను. ఏయే లైసెన్సులు కావాలి? పార్ట్‌నర్‌షిప్ మంచిదా, ఎల్‌ఎల్‌పీ (బాధ్యతకు హద్దు ఉండే లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్) మంచిదా? అసలు ఈ లైన్‌లో స్థిరపడతాడా?

జవాబు: మూడు ప్రశ్నలు అడిగారు. మొదటి రెండూ కాగితాల గురించి. మీకు నిద్ర పట్టనివ్వనిది మూడోది. కోర్సు చివరి సెమిస్టర్ రాగానే ఇలాంటి ఉత్తరాలు నాకు వరసగా వస్తాయి. ఊరు మారుతుంది, లక్షలు మారతాయి, ఆ చివరి ప్రశ్న మాత్రం మారదు. దానికి జవాబు ముందే చెప్పేస్తాను: స్థిరపడతాడు. 35 లక్షలు పెట్టినందువల్ల మాత్రం కాదు.

ముందు మీ పార్ట్‌నర్ సంగతి తేల్చేద్దాం. కుదరదండీ. అడ్వకేటు కాని వ్యక్తితో అడ్వకేటు భాగస్వామ్యం పెట్టుకోకూడదు, ఫీజులో వాటా ఇవ్వకూడదు. ఇది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమం. తండ్రయినా, ఇన్వెస్టరైనా ఇదే రూలు. ఆ ఎంబీఏ అబ్బాయికీ ఇదే వర్తిస్తుంది. అతన్ని జీతానికి ఆఫీస్ మేనేజర్‌గా పెట్టుకోవచ్చు గానీ లాభంలో పావలా వంతు కూడా రాసివ్వడానికి వీల్లేదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి అందులో షేర్లు తీసుకుందాం అనుకుంటారేమో, వకాలత్ (క్లయింటు తరఫున వాదించడానికి ఇచ్చే అధికారపత్రం) వేసేది మనిషే, కంపెనీ కాదు. మీరు డబ్బిస్తే అది కొడుక్కి ఇచ్చిన బహుమతి అవుతుంది, లేదా అప్పు అవుతుంది. తండ్రి ఇచ్చిన బహుమతి మీద అతనికి టాక్స్ లేదు. మీ పేరు బోర్డు మీదకు మాత్రం రాదు.

ఇక కాగితాలు. ఇవి మీరు భయపడినంత లేవు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు, అంటే బార్ కౌన్సిల్‌లో అడ్వకేటుగా పేరు నమోదుకు కట్టేది, చట్టం ప్రకారం రూ.750, ఎస్సీ, ఎస్టీలకు రూ.125. ఒకప్పుడు రాష్ట్ర బార్ కౌన్సిళ్లు రకరకాల పేర్లతో వేలకు వేలు వసూలు చేసేవి. అలా చట్టానికి మించి తీసుకోవడానికి వీల్లేదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పైన, ప్రాక్టీసు కొనసాగించడానికి పాసవ్వాల్సిన ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్. దాని గురించి మీ అబ్బాయికే నాకంటే బాగా తెలిసి ఉంటుంది.

లా ఆఫీసుకు విడిగా ఒక లైసెన్సు అంటూ లేదు. ఇన్ని చదరపు అడుగులు ఉండాలన్న నిబంధన కూడా లేదు. ఇంటి ముందు గదిలో టేబుల్ వేసుకున్నా అది ఆఫీసే. వకీలు ఆఫీసు దుకాణం లాంటి వాణిజ్య సంస్థ కాదని కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. జీఎస్టీ నంబరు లేకపోతే ఫర్మ్ కాదేమో అని చాలామందికి అనుమానం. మామూలు వ్యక్తులకు అడ్వకేటు చేసే పని మీద జీఎస్టీ లేదు. కంపెనీలకు చేస్తే రివర్స్ ఛార్జ్ కింద ఆ కంపెనీయే కట్టుకుంటుంది. ఈ రెండు రకాల పనే ఉన్నంతకాలం మీవాడు రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. కంపెనీలు ఫీజులో 10 శాతం టీడీఎస్ కోసి ఇస్తాయి. అది రిటర్న్‌లో చూపించుకుంటే సరిపోతుంది. బ్యాంకు మనిషి మీరు, ఇది మీకు చెప్పక్కర్లేదు.

పార్ట్‌నర్‌షిప్‌కు స్టాంపు పేపరు మీద డీడ్, ఫర్మ్ పేరుతో పాన్, కరెంట్ అకౌంట్ కావాలి. 1932 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ చేయించకపోతే, ఫీజు ఎగ్గొట్టిన క్లయింట్ మీద ఫర్మ్ దావా వేయలేదు. లా ఫర్మ్‌కే ఆ గతి పడితే నలుగురూ నవ్వుతారు. అప్పుల బాధ్యతకు హద్దు ఉండదు. ఒక పార్ట్‌నర్ ఫర్మ్ పేరు మీద చేసిన అప్పు అందరి మెడకూ చుట్టుకుంటుంది. ఎల్‌ఎల్‌పీలో ఆ భయం తక్కువ. లక్ష లోపు పెట్టుబడితో పెడితే రిజిస్ట్రేషన్ ఫీజు రూ.500 మాత్రమే, సీఏ తీసుకునేది వేరు. కానీ రూపాయి ఆదాయం లేకపోయినా ఏటా మే 30 లోపు ఒక ఫారం, అక్టోబర్ 30 లోపు ఇంకో ఫారం వేయాల్సిందే. మరిచిపోతే లేటు ఫీజు. వార్షిక ఆదాయం 40 లక్షలు గానీ, పెట్టుబడి 25 లక్షలు గానీ దాటితే ఆడిట్ కూడా. ఆ 35 లక్షలూ పెట్టుబడిగా చూపిస్తే, ఒక్క కేసూ రాకముందే ఆడిట్ ఖర్చు వచ్చి పడుతుంది.

ఈ రెంటికంటే కొత్త అడ్వకేటుకు నాకు నచ్చేది మూడోది, మీరు అడగనిది: తన పేరు మీద ఒంటరిగా చేసుకోవడం. ఏడాదికి 50 లక్షల లోపు ఫీజులు వచ్చేవాళ్లు అందులో సగం ఆదాయంగా చూపించి, పద్దు పుస్తకాల గొడవ లేకుండా రిటర్న్ వేయవచ్చు. ఎల్‌ఎల్‌పీకి ఈ వెసులుబాటు లేదు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను పడదు కాబట్టి, వేరే ఆదాయం లేనివాడికి 24 లక్షల ఫీజు వచ్చినా టాక్స్ ఉండకపోవచ్చు. అదే ఫర్మ్ అయితే, పార్ట్‌నర్ల జీతాలు పరిమితి మేరకు తీసేశాక, మిగిలిన లాభం మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం.

ఏది మేలో పట్టిక వేసి చెబుతానని మీరు ఎదురుచూస్తుంటారు. వేయను. సనదు (అడ్వకేటు సర్టిఫికెట్) చేతికి రాని పిల్లాడికి ఇప్పుడు ఆ పట్టికతో పని లేదు.

మీవాడు రాసిన లెక్క రెండుసార్లు చదివాను. అడ్వాన్స్ 3 లక్షలు, ఇంటీరియర్స్ 9, అద్దె 6, వెబ్‌సైట్, బ్రాండింగ్ 4, జీతాలు 8, కంప్యూటర్లు, డేటాబేస్‌లు 5. ఖర్చు పేజీ చక్కగా రాశాడు. కేసులు ఎక్కడి నుంచి వస్తాయో రాసిన పేజీ ఏదండీ? లేదు. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో కూర్చుని ఉంటారు, ఇలాంటి ప్రాజెక్ట్ రిపోర్ట్ పట్టుకుని ఎవరైనా లోన్‌కి వస్తే మీరు సంతకం పెట్టేవారా?

ఆ బ్రాండింగ్ 4 లక్షలైతే నేరుగా ఇబ్బందిలోకి తోసేదే. వకీలు ప్రకటన ఇచ్చుకోకూడదు. 2008 నుంచి వెబ్‌సైట్‌కు అనుమతి ఉంది గానీ అందులో పేరు, అడ్రసు, ఫోన్, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ఏ రకం కేసులు చూస్తాడు, ఇంతవరకే. నేమ్‌ప్లేటు కూడా ఓ మాదిరి సైజులోనే ఉండాలట. క్లయింట్లను తెచ్చిపెడతామనే ఆన్‌లైన్ పోర్టళ్ల మీద చర్య తీసుకోమని 2024 జూలైలో మద్రాసు హైకోర్టు బార్ కౌన్సిల్‌కు చెప్పింది. సినిమా నటులతో, ఇన్‌ఫ్లుయెన్సర్లతో ప్రచారం చేయించుకోవడాన్ని 2025 మార్చిలో బార్ కౌన్సిల్ తప్పుపట్టింది. కేసు తెస్తే కమీషన్ ఇస్తాననకూడదు, గెలిస్తే ఇంత శాతం అని మాట్లాడుకోకూడదు. హోటల్ పెట్టినవాడు పాంప్లెట్లు పంచి మొదటి వారం సగం ధరకు బిర్యానీ పెట్టగలడు. మీవాడికి ఆ దారులన్నీ మూసి ఉన్నాయి. మరి క్లయింటు ఎలా వస్తాడు? పక్క కేసులో వీడి వాదన విన్నవాడు వస్తాడు. సీనియర్‌కు ఖాళీ లేక "మా జూనియర్ చూస్తాడులెండి" అని పంపినవాడు వస్తాడు. ఈ రెండూ అద్దాల క్యాబిన్‌లో కూర్చుంటే జరగవు.

ఇంకో మాట, ఇది మీవాడికి చదివి వినిపించండి. స్టార్టప్‌లు, ట్రేడ్‌మార్కులు, కంపెనీ లా, టాక్స్ చూస్తాం, కోర్టు లిటిగేషన్ జోలికి పోం అని ఫర్మ్ ప్లాన్‌లో రాశాడు. ఇప్పుడు పిల్లలందరూ ఇదే రాస్తున్నారు. మరి ఆ పనులు ఇప్పటికే ఎవరు చేస్తున్నారు? కంపెనీ రిజిస్ట్రేషన్ సీఏ చేస్తాడు. ట్రేడ్‌మార్కుకు విడిగా ఏజెంట్లున్నారు. ఇన్‌కమ్ టాక్స్ ట్రిబ్యునల్‌లో సీఏ నిలబడవచ్చు. నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్‌లో సీఏలు, కంపెనీ సెక్రటరీలు కూడా వాదించవచ్చు. వాళ్ల దగ్గర క్లయింట్లు పదేళ్ల నుంచీ ఉన్నారు. మీవాడు నల్ల కోటు ఒక్కటే ఆధారంగా వాళ్లతో పోటీకి దిగుతున్నాడు. సివిల్ కోర్టులో, సెషన్స్ కోర్టులో, హైకోర్టులో లేచి నిలబడి వాదించడం అడ్వకేటుకే చెందిన పని. ఆ ఒక్క మడిలోకి వేరేవాడు రాలేడు. మీవాడు సరిగ్గా అదే వదిలేస్తానంటున్నాడు. నాకు కార్పొరేట్ లా మీద కోపం లేదు. దాన్ని నేర్చుకోవాలంటే పెద్ద ఫర్మ్‌లో అసోసియేట్‌గా చేరాలి. చదువు అయిన మర్నాడే ఫర్మ్ పెట్టి నేర్చుకునేది కాదది.

కొన్నేళ్ల కిందట ఇలాగే ముగ్గురు స్నేహితులు నా దగ్గరకు వచ్చారు. బాగా చదివేవాళ్లు. ఆఫీసు అందంగా కట్టుకున్నారు. పద్నాలుగు నెలలకు మూసేశారు. చట్టం రాకపోవడం కారణం కాదు. అద్దె కట్టాల్సిన నెలలో, ఒక పార్టీ, అంటే క్లయింటు, కోర్టు ఫీజుకని ఇచ్చిన డబ్బు వాడేసుకున్నారు. క్లయింటు డబ్బుకు అడ్వకేటు విడిగా లెక్క ఉంచాలన్నది కూడా నియమమే. ఆ పార్టీ పెద్దమనిషి కాబట్టి ఫిర్యాదు చేయలేదు. చేసి ఉంటే సనదుకే ముప్పు. ఆ ముగ్గురూ ఇప్పుడు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. విడివిడిగా మాత్రం ముగ్గురూ బాగానే ఉన్నారు.

ఇప్పుడు మీకు కాస్త కోపం వచ్చే మాట అంటాను. "సీనియర్ దగ్గర చేరనంటున్నాడు" అని రాశారు. చేరమని మీరు ఎన్నిసార్లు చెప్పారు? బంధువులు అడిగితే "మావాడు ఫలానా వకీలు దగ్గర జూనియర్" అనడానికి మీకే నామోషీగా ఉందని నా అనుమానం. "మాదాపూర్‌లో ఫర్మ్ పెట్టాడు" అంటే పెళ్లి సంబంధాలకూ బాగుంటుంది. తప్పు పట్టను, తండ్రి మనసు అలాగే ఉంటుంది. కానీ ఆ నామోషీ ఖరీదు ఒక ప్లాటు అవుతోంది. బ్యాంకులో చేరిన మొదటి రోజు మిమ్మల్ని మేనేజర్ సీట్లో కూర్చోబెట్టారా? క్యాష్ కౌంటర్‌లో నోట్లు లెక్కపెట్టలేదూ?

జూనియర్‌గా చేరితే డబ్బు రాదన్న బెంగ నిజమే. నగరాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు కనీసం ఇవ్వాలని 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫారసే. ఇచ్చే సీనియర్లున్నారు, పెట్రోలు ఖర్చుతో సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. కాబట్టి మీరు నెలకు 20 వేలు మూడేళ్లు పంపండి. మొత్తం 7 లక్షల 20 వేలు. ప్లాటు ప్లాటులాగే ఉంటుంది. ఆ మూడేళ్లలో వాడు వాయిదా అడగడం, ఫైలింగ్‌లో కోర్టు ఆఫీసు ఆక్షేపణలు సరిచేయడం, సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేయడం, పార్టీ దగ్గర నోరు విప్పి ఫీజు అడగడం నేర్చుకుంటాడు. ఈ చివరిది ఏ కాలేజీలోనూ చెప్పరు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రేపు మనసు అటు మళ్లినా ఈ ఏళ్లు వృథా కావు. జడ్జిమెంట్లు వెతకడానికి ఖరీదైన డేటాబేస్ అక్కర్లేదు, సుప్రీంకోర్టు తీర్పులు ఆ కోర్టు సొంత ఆన్‌లైన్ సైటు ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి.

ఆ తర్వాత కూడా ఫర్మ్ కలే ఉంటే, మీవాడినీ, ఆ ఇద్దరు క్లాస్‌మేట్లనూ ఒక ఏడాది ఒకే గది పంచుకోమనండి. అద్దె, గుమస్తా జీతం మూడు వాటాలు. ఎవరి వకాలత్ వాళ్లది, ఎవరి ఫీజు వాళ్లది. ఆ ఏడాది కొట్టుకోకుండా గడిస్తే డీడ్ రాసుకోవచ్చు. ఎవరు ఎంత పెట్టారు, నెలకు ఎంత తీసుకుంటారు, ఒకరు వెళ్లిపోతే ఆ కేసులు ఎవరివి, ఈ మూడూ అందులో స్పష్టంగా ఉండాలి. ఎల్‌ఎల్‌పీ కావాలా అన్నది అప్పుడు మీ సీఏతో కూర్చుని మాట్లాడుకోండి.

ఈలోపు ఒక పని చేయండి. మీరు అమ్మాలనుకుంటున్న ఆ ప్లాటు లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అన్నీ మీవాడి చేతికే ఇచ్చి, కొనేవాడు అడిగే పద్ధతిలో లీగల్ ఒపీనియన్ రాయమనండి. ఖమ్మంలో ఆస్తుల కేసులు చూసే పాత వకీలు ఎవరికైనా అది చూపించి ఎర్ర పెన్నుతో దిద్దమనండి. ఎన్ని చోట్ల దిద్దారో నాకు రాయండి, సీనియర్ విషయం అప్పుడు మీవాడితో నేనే మాట్లాడతాను.