పడవ ఒక్కటి, కార్లు రెండు

ప్రశ్న: ప్రొద్దుటూరు నుంచి టెక్సాస్‌లోని ఆస్టిన్ వచ్చి నెల కాలేదు. కయాక్‌లో, అదే చిన్న తెడ్డు పడవలో, కొలరాడో నది మీద పోయి పక్షులను చూడాలని ఉంది. ఎక్కడ ఎక్కాలి? కయాక్ కొనమంటారా?

జవాబు: కయాక్ సంగతి తర్వాత తమ్ముడూ. నీతో వచ్చే మనిషి ఉన్నాడా? ముందు అది చెప్పు.

ఆస్టిన్‌కు దిగువన ఇదే నది ఒడ్డున ఉన్న బాస్ట్రాప్ ఊళ్లో ఫిషర్‌మన్స్ పార్క్ దగ్గర పడవెక్కితే సుమారు 6 మైళ్లు కిందికి పోయి దిగాలి. ఎక్కిన చోటికి తిరిగి రావడానికి అక్కడ ఇంకో కారు ముందే పెట్టుకోవాలి. నాకు ఈ ముక్క చెప్పే దిక్కు లేకపోయింది. సిద్ధవటం దగ్గర ఎండాకాలం పెన్నను ఇసుకలో నడిచి దాటినవాణ్ణి, నది నాకో లెక్కా అనుకుని ఒక్కణ్ణే బయల్దేరా. దిగాక ఫోన్ తీస్తే అందులో పేర్లన్నీ కడపవే. అక్కడ అర్ధరాత్రి. ఎదురు పోదామంటే పైడ్యాముల నుంచి వదిలిన నీళ్లు తోసేస్తున్నాయి. పడవను చెట్టుకు కట్టి, తెడ్డు భుజాన వేసుకుని రోడ్డు పట్టా. తెడ్డుతో నడిచేవాడికి ఎవరు కారాపుతారు? ఎలాగో గట్టెక్కాననుకో. మీకిప్పుడు అన్నీ ఫోన్‌లోనే దొరుకుతాయి, మనుషులు తప్ప.

తప్పక ఒంటరిగా పోవాలంటే ఆస్టిన్ ఊళ్లోనే లేడీ బర్డ్ లేక్‌కు పో. 1960లో లాంగ్‌హార్న్ డ్యామ్ కట్టాక ఇదే నది అక్కడ చెరువులా నిలిచింది. పడవలు ఒడ్డునే అద్దెకిస్తారు, ఎక్కిన చోటికే తిరిగొస్తావు. అన్నట్టు ఇది గ్రాండ్ క్యానియన్ కొలరాడో కాదు, పేరొక్కటే. లోయ కావాలంటే గండికోట చూసే వచ్చుంటావుగా.

మన నారాయణ పక్షికి పెద్దన్నలాంటి గ్రేట్ బ్లూ హెరాన్ ఏడాదంతా ఉంటుంది. చలికాలంలో నీటికాకులు, బొల్లికోళ్లు, కొరమీను గద్దలు. బెల్టెడ్ కింగ్‌ఫిషర్ మన లకుముకి పిట్ట చుట్టమే. పొట్టమీద ఎర్రపట్టీ ఉంటే ఆడది. అయితే "అదిగో!" అంటే తలెత్తి చూసేవాడు పక్కనుండాలి కదా.

మనిషికో లైఫ్ జాకెట్ పడవలో ఉండాల్సిందే. మిగతా రూల్స్, నీటిమట్టం సైట్లలో చూసుకో.

కయాక్ మాత్రం కొనొద్దు. ముందు కారున్నవాడు, శనివారం ఆరింటికి లేచేవాడు ఒకడు దొరకనీ. నాకు దొరికింది కర్నూలాయన. ఆయనా పక్షుల కోసం రాడు, మా ఇంటి ఉగ్గాని, బజ్జీ కోసం వస్తాడు.