నలుగురే పనిచేసే కొట్టులోనూ నోటీసు ఇవ్వవలసిందే

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల మేత, చెరువు మందులు అమ్మే ఒక కొట్టులో 2016 మే 1 నుంచి గుమస్తాగా పనిచేశాను. నెల జీతం 14,000 రూపాయలు. ఇప్పుడు నాతో కలిపి నలుగురమే. 2021లో సొంత లారీ, గోడౌను ఉన్న రోజుల్లో మాత్రం నెలజీతం మీద పన్నెండుమందిమి ఉండేవాళ్లం. అమెరికా సుంకాలు పెంచాక రైతుల దగ్గర మేత బాకీలు నిలిచిపోయాయని, ఫిబ్రవరి నుంచి రానక్కరలేదని మా షావుకారు 2026 జనవరి 31న నోటిమాటగా చెప్పారు. రాజీనామా రాసి ఇస్తే 15,000 ఇస్తామంటున్నారు. నా తరువాత ఏడేళ్లకు చేరి, నేను చేసే పనే చేస్తున్న కుర్రవాణ్ణి ఉంచుకున్నారు. ఇంత చిన్న కొట్టుకు ఏ చట్టమూ వర్తించదని ఆయన వాదన. అది నిజమేనా?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: అన్నిటికంటే ముందు, ఆ రాజీనామా కాగితం మీద సంతకం పెట్టకండి. తనంతట తాను మానేసిన వ్యక్తికి తొలగింపు పరిహారం రాదు. యజమాని ఆ కాగితాన్ని అంత పట్టుదలగా అడగటమే, చట్టం వర్తించదన్న మాట మీద ఆయనకే నమ్మకం లేదనటానికి మంచి సాక్ష్యం.

చిన్న కొట్టుకు చట్టం లేదనే మాట సగమే నిజం. భవిష్య నిధికి ఇరవైమంది, ఈఎస్ఐకి, గ్రాట్యుటీకి (ఏళ్ల తరబడి చేసిన సేవకు, పని వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) పదిమంది ఉండాలన్న లెక్కలు మన ఊళ్లలో అందరి నోటా నానుతూ ఉండటం వల్ల, ఆ లెక్కే అన్నిటికీ వర్తిస్తుందని యజమానులే కాదు, గుమస్తాలు కూడా అనుకుంటారు. ఉద్యోగి తప్పేమీ లేకుండా, వ్యాపారం తగ్గిందన్న కారణంతో తీసివేసేటప్పుడు ఇవ్వవలసిన నోటీసుకూ పరిహారానికీ అటువంటి తలల లెక్క లేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని 25-ఎఫ్ సెక్షన్‌లోనూ లేదు. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోని 70వ సెక్షన్‌లోనూ లేదు. ప్రభుత్వ అనుమతి తీసుకున్న తరువాతనే తొలగించాలన్న నిబంధన మాత్రం పెద్ద సంస్థలకే పరిమితం; కోడ్ ఆ హద్దును వందమంది నుంచి మూడు వందలకు పెంచింది.

చట్టం పేరులో ‘పారిశ్రామిక’ అన్న మాట చూసి బెదరవలసిన పని లేదు. వ్యాపారం చేసే కొట్టు కూడా దాని పరిధిలోకి వస్తుంది. మీరు చేసేది చిట్టా, బిల్లులు రాసే గుమస్తా పని కనుక మీరు చట్టం చెప్పే ‘కార్మికుడి’ కిందికే వస్తారు. ఏడాది నిరంతర సేవ ఉండాలన్న షరతు మీ విషయంలో ప్రశ్నే కాదు. కొత్తగా చేరిన వారి కోసం చెబుతున్నాము: గడచిన పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఏడాది నిండినట్లే, జీతంతో ఇచ్చిన ఆదివారాలూ సెలవులూ ఆ లెక్కలో చేరతాయి.

ఇక డబ్బు సంగతి. కారణం చూపుతూ నెల రోజుల ముందు లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి, లేదా బదులుగా నెల జీతం, అంటే 14,000 ఇవ్వాలి. పరిహారం ఏడాదికి పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున కట్టాలి. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కించాలి కనుక మీ తొమ్మిదేళ్ల తొమ్మిది నెలలు పదేళ్లవుతాయి. నెలజీతగాడి పదిహేను రోజుల సగటు వేతనమంటే సగం నెల జీతమేనని, గ్రాట్యుటీ లెక్కలో లాగా 26తో భాగించే పద్ధతి దానికి వర్తించదని సుప్రీంకోర్టు 2007లో చెప్పింది. ఆ ప్రకారం 7,000 చొప్పున పదేళ్లకు 70,000 వస్తుంది.

మీ ఉత్తరంలో మీరు యథాలాపంగా రాసిన 2021 నాటి పన్నెండుమంది మాట మాకు అన్నిటికంటే విలువైనదిగా కనబడింది. ఒకసారి పదిమంది ఉండి గ్రాట్యుటీ చట్టం పరిధిలోకి వచ్చిన సంస్థ, ఆ తరువాత సంఖ్య తగ్గినా బయటికి పోదు. అయిదేళ్ల సేవ మీకు ఎటూ ఉన్నది. 26తో భాగించే పద్ధతి ఇక్కడ వర్తిస్తుంది: 14,000ను 15తో హెచ్చించి 26తో భాగించి, పదేళ్లకు లెక్క కడితే 80,769 రూపాయలు. నోటీసు జీతం, పరిహారం, గ్రాట్యుటీ మూడూ కలిపితే 1,64,769. షావుకారుగారు ఇస్తామన్న పదిహేను వేలు ఇందులో పదో వంతు కూడా లేదు. పనిచేసిన రోజుల జీతం బాకీ ఏదైనా ఉంటే, తొలగించిన రెండు పనిదినాల్లోగా వేరుగా చెల్లించాలి.

మీకంటే వెనుక చేరిన కుర్రవాడి విషయానికి వస్తే, ఒకే రకం పని చేసేవారిలో చివర చేరిన వారిని ముందు తీసివేయటం సాధారణ నియమం. దానిని తప్పాలంటే యజమాని కారణం రాతలో పెట్టాలి. మళ్లీ ఏడాదిలోగా ఎవరినైనా పనిలోకి తీసుకోదలిస్తే మిమ్మల్ని ముందుగా పిలవాలి.

కష్టమంతా రుజువు దగ్గర ఉంటుంది. నియామక పత్రం, జీతం చీటీ ఇచ్చే కొట్టు మన డెల్టాలో ఎక్కడున్నది? జీతం ఫోన్‌పేలో పడితే బ్యాంకు స్టేట్‌మెంటు తీయించుకోండి. మీ చేతిరాతతో ఉన్న పాత బిల్లులు ఏ చెరువు రైతు దగ్గరైనా ఉంటాయి. వాటికి ఫొటోలు తీసుకోండి. షావుకారుగారి వాట్సాప్ సందేశాలు చెరపవద్దు. 2021లో పనిచేసిన లారీ డ్రైవరు, గోడౌను జట్టు మనుషులు సాక్ష్యానికి వస్తారేమో ఇప్పుడే అడగండి. ఆ పైన, మీకు మీరుగా మానలేదని, నోటిమాటతో తీసివేశారని, ఇన్ని రూపాయలు రావాలని తేదీలతో సహా ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, నకలు దాచుకోండి. గ్రాట్యుటీకి విడిగా అర్జీ పెట్టండి.

జవాబు రాకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వండి. అధికారి ఇరుపక్షాలనూ పిలిచి రాజీకి ప్రయత్నిస్తారు. అక్కడ తెగకపోతే, రాజీ కుదరలేదన్న అధికారి నివేదిక అందిన తొంభై రోజుల్లోగా కార్మిక వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. వివాదం పుట్టి రెండేళ్లు దాటితే రాజీ ప్రక్రియే ఉండదు కనుక పెద్దమనుషుల పంచాయతీలతో కాలం గడపవద్దు. తిరిగి ఉద్యోగంలో కూర్చోవటం మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. నలుగురుండే కొట్టులో, కోర్టుకెక్కిన తరువాత, ఎదురెదురుగా కూర్చుని చిట్టా రాయటం ఇద్దరికీ సాధ్యం కాదు.

ప్రశ్న: అమలాపురంలో ముగ్గురం పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సును నష్టాలు వచ్చాయని మూసివేసి, యజమాని హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. ప్రెస్సే లేనప్పుడు నాకు ఏమైనా వస్తుందా? పన్నెండేళ్లు కంపోజింగ్ చేశాను.
– ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం: వస్తుంది. సంస్థను మూసివేసినా, తొలగించినట్లే భావించి నెల నోటీసు, ఏడాదికి పదిహేను రోజుల సగటు వేతనం ఇవ్వాలి. యజమాని అదుపులో లేని అనివార్య కారణాల వల్ల మూతపడితే పరిహారం మూడు నెలల సగటు వేతనం మించదు. అయితే ఆర్థిక ఇబ్బందులూ నష్టాలూ అటువంటి కారణాలు కావని చట్టమే చెబుతున్నది. మీ పన్నెండేళ్ల లెక్కన పరిహారం ఆరు నెలల జీతం. యంత్రాలు అమ్ముడుపోకముందే ఫిర్యాదు ఇవ్వండి. ఆయన హైదరాబాదు చిరునామా కూడా సంపాదించి ఫిర్యాదులో రాయండి. నోటీసు అందలేదన్న సాకుతోనే ఇటువంటివి నెలల తరబడి సాగుతాయి.