స్టాండు మీద 160, రోడ్డు మీద 115

ఎలక్ట్రిక్ బండ్ల వేగం గురించి ఈసారి విజయవాడ, గుంటూరుల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి.

ప్రశ్న: పాత బండికి ఆటోనగర్‌లో ఎలక్ట్రిక్ కిట్ వేయించాను. 72 వోల్టుల ప్యాక్ (21700 సైజు లిథియం సెల్స్, పక్కపక్కన పదేసి పారలల్‌గా, అలాంటివి 20 సిరీస్‌లో), మోటారుకు కరెంటు అందించే 200 ఆంపియర్ల కంట్రోలర్, ముందు స్ప్రాకెట్‌కి 14 పళ్లు, వెనకదానికి 49. సెంటర్ స్టాండు మీద ఫుల్ రేజ్ చేస్తే 160 చూపిస్తోంది. రోడ్డెక్కితే 115 దాటదు. మోటారు నాసిరకమా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: మోటారును ఏమీ అనకండి. స్టాండు మీద వెనక చక్రానికి పనే లేదు, ఎంతైనా తిరుగుతుంది. రోడ్డు మీద దాని పని గాలిని తోయడం. వేగం రెట్టింపైతే అందుకు కావలసిన పవర్ ఎనిమిది రెట్లవుతుంది.

మీ బండి లెక్కే చూద్దాం. ఫుల్ ఛార్జింగ్‌లో ప్యాక్ 84 వోల్టులు, సగం దిగాక 76. 200 ఆంపియర్లు లాగేసరికి లోపలి రెసిస్టెన్స్ (ఇలాంటి ప్యాక్‌కి 30 మిల్లీ ఓమ్‌లు అనుకుందాం) ఇంకో 6 వోల్టులు తినేస్తుంది. మిగిలేది 70. అంటే 14 కిలోవాట్లు. కంట్రోలర్, మోటారు, చైను వాటా పోగా చక్రానికి చేరేది 12. మనిషితో కలిపి 180 కిలోల బండి, నిటారుగా కూర్చుని నడిపితే, 115 దగ్గర అడిగేది దాదాపు అంతే. ఇక ముందుకు ఎలా పోతుంది?

ముందు ఖర్చు లేని పని చేయండి. గడ్డం ట్యాంకుకు ఆనేలా పడుకోండి. మోచేతులు, మోకాళ్లు లోపలికి లాక్కోండి. వదులు చొక్కా బదులు ఒంటికి అతుక్కునే జాకెట్ వేసుకోండి. గాలికి అడ్డం (డ్రాగ్ ఏరియా) 0.6 చదరపు మీటర్ల నుంచి 0.4కి దిగితే అదే 12 కిలోవాట్లు 130 దాకా సరిపోతాయి.

అయినా మీ బండి 130 చేరదు. మోటారు ఎంత వేగంగా తిరగగలదన్నది వోల్టేజ్‌ని బట్టే. 84 వోల్టుల దగ్గర 160 తిరిగే మోటారు, 70 వోల్టులకు ఖాళీగా తిరిగినా 134 దాటదు, లోడు మీద ఇంకా తక్కువ. వెనక 42 పళ్ల స్ప్రాకెట్ వేయించండి, ఆ హద్దు 156కి పెరుగుతుంది. పికప్ తగ్గుతుంది, తగ్గనివ్వండి. టాప్ స్పీడుకు కావాల్సింది పికప్ కాదు, దారి పొడవు. చైను పొడవు తగ్గించేటప్పుడు క్లిప్ లింకు పెడతానంటే ఒప్పుకోకండి, రివెట్ లింకే వేయించండి. ఈ వేగంలో క్లిప్ ఊడితే చైను వెనక చక్రాన్ని పట్టేస్తుంది.

ఇంకో పరీక్ష. వేరే బండ్లు రాకుండా మూసేసిన దారిలో ఫుల్ థ్రాటిల్ మీద బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర ఒక మల్టీమీటర్, కంట్రోలర్ టెర్మినల్స్ దగ్గర ఇంకొకటి కట్టి ఫోన్‌తో వీడియో తీయండి. రెండింటికీ అర వోల్టు తేడా ఉందంటే 200 ఆంపియర్ల దగ్గర 100 వాట్లు కేబుల్లో, దాని చివర బిగించే లగ్గుల్లో కాలిపోతున్నట్టే. సుత్తితో కొట్టిన లగ్గులు కోసేసి హైడ్రాలిక్ క్రింపింగ్ చేయించండి.

ప్రశ్న: మా ప్రాజెక్టు బండీ ఇలాంటిదే. 150 కొట్టాలంటే పెద్ద కంట్రోలర్ చాలా?
– ఇంజినీరింగ్ విద్యార్థులు, వడ్డేశ్వరం

జవాబు: చాలదు. పడుకుని నడిపినా 150కి చక్రం దగ్గర 17.7 కిలోవాట్లు కావాలి. బ్యాటరీ నుంచి 20.6 తీయాలి. 72 వోల్టుల ప్యాక్ నుంచి అంటే 300 ఆంపియర్ల పైమాటే. వోల్టేజ్ 67కి పడుతుంది, 42 పళ్లతో హద్దు 149 దగ్గరే ఆగుతుంది. సెల్స్ నలిగిపోతాయి, ఫలితం ఉండదు. 24 సిరీస్‌కు వెళ్లండి. 250 ఆంపియర్లతో, సెల్‌కి 25తో పనైపోతుంది.

అయితే 24 సిరీస్ ఫుల్ ఛార్జింగ్ 100.8 వోల్టులు. 72 వోల్టుల కంట్రోలర్లలో తరచూ 100 వోల్టుల మాస్‌ఫెట్లే (కరెంటును ఆపి వదిలే స్విచ్చులు) ఉంటాయి, అవి పేలిపోవచ్చు. కంట్రోలర్, బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే బోర్డు), ఛార్జర్ మూడూ మార్చాలి. టైరు పక్కన అక్షరం చూడండి: ఎల్ అంటే 120, పి అంటే 150, ఎస్ అంటే 180, హెచ్ అంటే 210. మీరు ఎస్ కన్నా తక్కువ వేయకండి.

ప్రశ్న: మే నెలలో నిమిషం లాగేసరికి కంట్రోలర్ పవర్ తగ్గించేస్తోంది. ఐసు పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సీటు కింద మూసిన డబ్బాలో పెట్టి ఉంటారు. నిమిషం పరుగుకు ఫ్యాన్ల కన్నా బరువైన లోహమే మేలు. కంట్రోలర్ అడుగుకు మూడు కిలోల అల్యూమినియం ప్లేటు బిగించండి. 400 వాట్ల వేడి నిమిషంలో దాన్ని 9 డిగ్రీలే పెంచుతుంది. ప్లేటు ముఖం చదునుగా మిల్లింగ్ చేయించి, థర్మల్ పేస్టు పల్చగా రాయండి. మందంగా పూస్తే అదే వేడికి అడ్డం. ఐసు సంచి పెడితే పరుగుకు ముందు ప్లేటు మీదే పెట్టి, తీసి, తుడవండి. మన ఉక్కలో చల్లటి కంట్రోలర్ మీద చెమట పట్టి నీరు బోర్డులోకి దిగుతుంది.

ప్రశ్న: జీపీఎస్‌లో కనిపించిన వేగం రికార్డు అవుతుందా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: అవదు. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐఎం లెక్కలో నిర్ణీత దూరాన్ని, అంటే కిలోమీటరో మైలో, రెండు గంటల్లోపు ఎదురెదురు దిశల్లో దాటాలి. ఆ రెండింటి సగటే రికార్డు. వీపు మీద గాలి ఉంటే వచ్చే లాభం తిరుగు పరుగులో పోతుంది. 2020లో ఫ్రాన్స్‌లోని షాతోరూ ఎయిర్‌ఫీల్డులో ఇటలీ రేసర్ మాక్స్ బియాజీ నడిపిన వోక్సాన్ వాట్‌మన్ ఎలక్ట్రిక్ బండి జీపీఎస్‌లో 408 తాకింది, రికార్డుగా రాసుకున్నది 366.94. మరుసటి ఏడాది నవంబరులో అమెరికా కెన్నెడీ స్పేస్ సెంటర్ రన్‌వే మీద, 300 కిలోల లోపు తరగతిలో, ఆయన వాట్‌మన్ మీద నెలకొల్పిన రికార్డు 455.737 కిలోమీటర్లు.

ప్రశ్న: అమరావతి రోడ్లు ఖాళీగానే ఉంటాయి కదా, తెల్లవారుజామున ప్రయత్నిస్తే?
– ఒక పాఠకుడు, తాడేపల్లి

జవాబు: వద్దు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ రోడ్ల మీద వేగపు పందేలను నిషేధిస్తుంది. అనుమతి లేకుండా బండి మార్చడం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. పైగా ఆ వేళకు గేదెలు లేచే ఉంటాయి. ఇలాంటి పరుగులకు దేశంలో పొడవైన ట్రాక్ ఇండోర్ దగ్గర పీతంపూర్‌లోని నాట్రాక్స్ హైస్పీడ్ ట్రాక్, 11.3 కిలోమీటర్లు. ముందు దేశ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐకి రాసి అధికారిక టైమింగ్ గురించి అడగండి, ట్రాక్ బుకింగ్ ఆ తర్వాత.