బ్రిటిష్ వాళ్ల ఒప్పందం చెల్లదంటే అప్పగింత ఆగుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. మా తమ్ముడు అమెరికాలో ఒక మెడికల్ బిల్లింగ్ కంపెనీలో పనిచేసి 2019లో ఇంటికి వచ్చేశాడు. 2018 దాకా ఇన్సూరెన్సు కంపెనీలకు దొంగ బిల్లులు పంపారని అక్కడ ఫెడరల్ కేసు పెట్టారట. యజమాని చెప్పిన పని చేశాడు తప్ప వాడికి పాపం తెలియదు. అమ్మ పక్షవాతంతో మంచాన ఉంది, వాడు తప్ప ఆమెను ఎత్తి కూర్చోబెట్టే దిక్కు లేదు. పోయిన నెల పోలీసులు వచ్చి వాడి పాస్‌పోర్టు వివరాలు అడిగి వెళ్లారు. లా చదువుతున్న మా మేనల్లుడు అమెరికాతో ఉన్న నేరస్తుల అప్పగింత ఒప్పందం 1931లో ఇంగ్లండు చేసుకున్నదని, అది మనకు వర్తించదని, 1954లోనే సుప్రీంకోర్టు అలా చెప్పిందని అంటున్నాడు. మా పెదనాన్న కొడుకేమో అక్కడ ఐదేళ్లే గడువు కాబట్టి, ఇంకో రెండేళ్లు బరంపురంలో బంధువుల ఇంట్లో కనబడకుండా ఉంటే కేసు మురిగిపోతుందంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు మూడు పేజీలు రాశారు. అందులో కేసును తేల్చే తేదీ ఒక్కటీ లేదు. 'కేసు పెట్టారట' అన్నారు. ఎవరు పెట్టారు, ఏ కోర్టులో, ఏ రోజున? తమ్ముడికి ఈమెయిల్‌లో ఏవో కాగితాలు వచ్చాయనీ, భయపడి తెరవలేదనీ ఉత్తరం చివర రాశారు. భయపడి తెరవని కాగితాలే రేపు కోర్టులో ఆయన మీదకు వస్తాయి. ఈ రాత్రికే తెరిపించండి.

ముందు మేనల్లుడి మాట. ఆయన చదివిన తీర్పు నిజమే, అన్వయమే తప్పు. 1954 నాటిది మద్రాసు రాష్ట్రం వర్సెస్ సి.జి. మీనన్ కేసు. సింగపూర్‌లో నేరారోపణ ఉన్న దంపతులను మద్రాసులో పట్టుకుని అక్కడికి పంపబోయారు. ఆధారం 1881 నాటి ఫ్యుజిటివ్ అఫెండర్స్ యాక్ట్. అది రెండు దేశాల ఒప్పందం కాదు. ఒకే సామ్రాజ్యంలోని ఒక వలస నుంచి ఇంకో వలసకు మనిషిని పంపించుకోవడానికి లండన్ పార్లమెంటు చేసిన ఇంటి చట్టం. 1950లో మనం గణతంత్రమయ్యాక ఇండియా 'బ్రిటిష్ పొసెషన్' (బ్రిటన్ అధీనంలోని ప్రాంతం) కాదు కనుక ఆ చట్టం కింద పంపడం కుదరదని సుప్రీంకోర్టు అంది. సామ్రాజ్యంతోపాటే ఆ ఏర్పాటూ పోయింది.

ఒప్పందాల సంగతి వేరు. బ్రిటన్, అమెరికా 1931 డిసెంబర్ 22న లండన్‌లో సంతకాలు చేశాయి. ఇండియాను, స్వపరిపాలిత డొమినియన్లను విడిగా చేర్చుకునే వీలు ఆ ఒప్పందంలోనే పెట్టారు. ఆ వీలుతోనే 1942 మార్చి 9 నుంచి అది మన దేశానికి వర్తించింది. అప్పుడు మనల్ని ఎవరూ అడగలేదన్నది నిజం, ఆ బాధ నాకూ ఉంది. కానీ 1947లో అధికారం చేతులు మారినప్పుడు, అంతర్జాతీయ ఒప్పందాల హక్కులూ బాధ్యతలూ ఎవరికి సంక్రమించాలో ప్రత్యేక ఉత్తర్వుతో తేల్చారు. ఆ తర్వాత మన పార్లమెంటు చేసిన 1962 నేరస్తుల అప్పగింత చట్టం సెక్షన్ 2(డి) ఇంకా స్పష్టంగా చెప్పింది: 1947 ఆగస్టు 15కు ముందు చేసినదైనా, ఇండియాకు వర్తించి మనల్ని బంధించేదైతే అదీ 'అప్పగింత ఒప్పందమే'. మీ మేనల్లుడి వాదనే సుప్రీంకోర్టు ముందుకు రోజిలీన్ జార్జ్ కేసులో వచ్చింది. 1931 ఒప్పందం స్వతంత్ర భారతానికి వర్తిస్తుందని 1993లో కోర్టు తేల్చేసింది.

ఇవన్నీ పక్కన పెట్టినా, మీ తమ్ముడికి ఆ పాత ఒప్పందంతో పనే లేదు. 1997 జూన్‌లో మన ప్రభుత్వమే అమెరికాతో కొత్తది చేసుకుంది, 1999 జులై నుంచి అమలులో ఉంది. పాతదానిలో నేరాల జాబితా ఉండేది. కొత్తదాని ప్రకారం రెండు దేశాల్లోనూ ఏడాదికి మించి శిక్ష పడగల నేరమైతే చాలు. బిల్లుల మోసం రెండు చోట్లా ఆ కోవలోకే వస్తుంది. భారత పౌరుడు కాబట్టి పంపరన్న ఆశ కూడా పెట్టుకోకండి, పౌరసత్వం కారణంగా నిరాకరించకూడదని అందులోనే ఉంది.

ఒప్పందం ఏ నేల దాకా చేరుతుందన్న వాదన ఎప్పుడూ పనికిరాదని నేననను. నిజాం రాజ్యంలోని రైల్వే భూమి మీద, సిమ్లా మేజిస్ట్రేటు ఇచ్చిన వారంటుతో ఒకరిని అరెస్టు చేస్తే, ఆ నేల మీద బ్రిటిష్ వాళ్లకున్నది రైల్వే నిర్వహణకు అవసరమైనంత అధికారమే కనుక అరెస్టు చెల్లదని 1897లో అప్పటి మన అత్యున్నత అప్పీలు కోర్టు, లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, కొట్టేసింది. ఈనాటికీ నెదర్లాండ్స్‌తో మనకున్నది 1898 నాటి ఒప్పందం. బ్రిటన్‌తో 1992లో చేసుకున్నదైతే, బ్రిటన్ బయట వాళ్ల బాధ్యతలో ఉన్న ప్రాంతాలకు పాకాలంటే ఉభయ ప్రభుత్వాలూ విడిగా లేఖలు మార్చుకోవాలి. అలాంటి కేసుల్లో నేను మొదట వెతికేది ఆ లేఖనే. మీ తమ్ముడిది అలాంటి కేసు కాదు.

మీ కేసును తేల్చేది కాలపరిమితి. మన 1962 చట్టంలో సెక్షన్ 31(1)(బి) చూడండి. అడుగుతున్న దేశపు చట్టం ప్రకారం ఆ నేరానికి గడువు దాటిపోతే మనిషిని అప్పగించకూడదు. మన గడువు కాదు, వాళ్ల గడువు. అమెరికా ఫెడరల్ చట్టంలో మామూలుగా అది ఐదేళ్లు. కానీ ఆ లెక్క ఎక్కడ ఆగుతుందో మీ పెదనాన్న కొడుక్కి తెలియదు. నేరం జరిగిన ఐదేళ్లలోపు గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) అభియోగం ఖరారు చేస్తే చాలు, గడువు లెక్క అక్కడితో ఆగిపోయినట్టే. సీలు చేసి బయటపెట్టకుండా ఉంచినా సరే. తర్వాత మనిషి పదేళ్లకు దొరికినా కేసు బతికే ఉంటుంది. చివరి బిల్లు 2018 నవంబర్‌లో వెళ్లిందనుకుందాం. 2023 నవంబర్‌లోపు అభియోగం ఖరారైతే బరంపురంలో రెండేళ్లు కాదు, ఇరవై ఏళ్లున్నా ఒక్క రోజు కలిసిరాదు. బ్యాంకుకు నష్టం కలిగించిన మోసమని అభియోగంలో చేరిస్తే గడువే పదేళ్లకు పెరుగుతుంది.

అభియోగం ఆలస్యంగా వచ్చి ఉంటే మాత్రం మీకు గట్టి వాదన ఉంటుంది. దాన్నీ చేజేతులా పాడుచేసేది ఈ దాక్కోవడమే. న్యాయం నుంచి పారిపోతున్నవాడికి ఏ కాలపరిమితీ వర్తించదని వాళ్ల చట్టంలో ఒక సెక్షన్ ఉంది. తప్పించుకోవాలన్న ఉద్దేశం ఉందా అని అక్కడి కోర్టులు చాలావరకు చూస్తాయి. పోలీసులు ఇంటికి వచ్చి వెళ్లాక అడ్రసు మార్చినవాడి ఉద్దేశం గురించి నేను మేజిస్ట్రేటుకు ఏం చెప్పగలను? బెయిలు అడిగే దారి కూడా అక్కడే మూసుకుపోతుంది. ఆ సలహా ఇచ్చినవారిని ఇంకోసారి మీ గుమ్మం తొక్కనివ్వకండి. పాత ఈమెయిళ్లు చెరిపేయడం, వేరే పేరుతో పాస్‌పోర్టుకు ప్రయత్నించడం లాంటివి చేస్తే అవి ఇక్కడే కొత్త నేరాలవుతాయి.

మీరు సానుభూతి కోసం రాసిన అమ్మగారి జబ్బు నాకు సాక్ష్యంగా కనిపిస్తోంది. ఆయన 2019లో ఎందుకు వచ్చారు? ఆమెకు పక్షవాతం వచ్చిన తేదీ, ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, టికెట్ బుక్ చేసిన రోజు, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన ఈమెయిల్, ఇల్లు ఖాళీ చేసిన కాగితం, పాస్‌పోర్టు మీద ముద్రలు, వచ్చినప్పటి నుంచి ఒకే అడ్రసుతో ఉన్న ఆధార్, బ్యాంకు, ఓటరు రికార్డులు కావాలి. కేసు సంగతి తెలియక ముందే తల్లి కోసం వచ్చాడని, వచ్చాక దాక్కోలేదని ఇవి చెబుతాయి. కేసు ఉందని మొదట ఎప్పుడు తెలిసిందో కూడా నిజం చెప్పించండి, ఈమెయిల్ తేదీ అబద్ధమాడదు.

అక్కడ ఫెడరల్ క్రిమినల్ కేసులు చేసే వకీలును పెట్టుకుని కోర్టు రికార్డు నుంచి అభియోగపత్రం, దాని తేదీ, ఒక్కో ఆరోపణ ఏ రోజు బిల్లుకు సంబంధించిందో తెప్పించండి. ఒక్కో ఆరోపణకు గడువు విడిగా లెక్కించాలి. గడువు దాటిందని తేలితే ఆయన అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. విదేశీ చట్టాన్ని మన కోర్టులో నిపుణుడి సాక్ష్యంతో రుజువు చేయాలి, నేను నోటితో చెబితే చాలదు.

అమెరికా అభ్యర్థన విదేశాంగ శాఖకు వస్తే, ఆ శాఖ ఆదేశంతో మేజిస్ట్రేటు విచారణ జరుపుతారు. అది దోషా నిర్దోషా తేల్చే విచారణ కాదు, పంపడానికి ప్రాథమిక ఆధారం ఉందా అన్నంతవరకే. యజమాని చెప్పినట్టే చేశాడన్న మాటకు అక్కడ పెద్ద బరువుండదు. కాలపరిమితి అభ్యంతరాన్ని మాత్రం మొదటి వాయిదాలోనే కాగితం మీద పెట్టాలి, హైకోర్టులో చూసుకుందామని దాచిపెట్టవద్దు. అభ్యర్థన కాగితాలు రాకముందే తాత్కాలికంగా అరెస్టు చేస్తే, 60 రోజుల్లో అవి రాకపోతే సెక్షన్ 34బి కింద విడుదల చేయాలి. ఆ రోజులు మీరే లెక్కపెట్టుకోండి. సెక్షన్ 25 కింద బెయిలుకు దరఖాస్తు చేయవచ్చు, అమ్మగారి వైద్య పత్రాలు అప్పుడూ పనికొస్తాయి. కోర్టులో ఓడినా, అప్పగింత అన్యాయమని అనిపిస్తే ఆపే అధికారం సెక్షన్ 29 కింద కేంద్ర ప్రభుత్వానికి ఉంది. తల్లి పరిస్థితి గురించి వినతిపత్రం ఇవ్వాల్సింది అక్కడ.

పోలీసులు మళ్లీ వస్తే తమ్ముడినే మాట్లాడనివ్వండి, అడ్రసు ఇవ్వమనండి, వకీలు లేకుండా వాంగ్మూలం మాత్రం ఇవ్వవద్దనండి. ఈమెయిల్‌లోని కాగితాలన్నీ ప్రింటు తీయించి, ఒక్క పేజీ కూడా వదలకుండా పట్టుకుని ఈ వారంలోనే క్రిమినల్ ప్రాక్టీసు ఉన్న వకీలు దగ్గరకు వెళ్లండి.