అడిగిందే మళ్లీ అడిగేవాళ్ల గురించి

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. మన తెలుగు టైపింగ్ గ్రూపు అడ్మిన్ బాధ్యత నువ్వు తీసుకున్నందుకు చాలా సంతోషం. కానీ మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఒకటి మనసులో ఉండిపోయింది. "పెదనాన్నా, రోజూ అదే ప్రశ్న. అనూ ఫాంట్‌లో కొట్టిన మేటర్ వాట్సాప్‌లో పెడితే పిచ్చి అక్షరాలు వస్తున్నాయంటారు. పిన్ చేసిన మెసేజ్ ఒక్కరూ చదవరు. ఇకమీదట ఇలాంటివి డిలీట్ చేసేస్తా" అన్నావు. డిలీట్ చెయ్యకమ్మా. ఎందుకో వివరంగా రాద్దామనే ఈ ఉత్తరం.

ముందు ఆ పిన్ మెసేజ్ ఒకసారి నువ్వే చదువు. "నాన్ యూనికోడ్ నుంచి యూనికోడ్ కన్వర్షన్" అని మొదలవుతుంది. అన్ని భాషల అక్షరాలకూ విడివిడిగా అంకెలు కేటాయించే పద్ధతే యూనికోడ్ అని నీకూ నాకూ తెలుసు. అడిగే మనిషికి ఆ మాటే తెలియదు. ఎక్కడో మండల కేంద్రంలో శుభలేఖలు, ఫ్లెక్సీలు వేసే షాపులో ఉంటాడు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్లో చకచకా కొడతాడు. పెళ్లివారు ఎదురుగా నిలబడి, కార్డు మేటర్ వాట్సాప్‌లో పంపమంటే కాపీ చేసి పేస్ట్ చేశాడు. తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వచ్చాయి. ఆ టెన్షన్‌లో మన గ్రూపులో "సార్ అర్జెంట్, అక్షరాలు మారిపోతున్నాయి" అని పెడతాడు. అతన్ని గూగుల్‌లో వెతుక్కోమంటే ఏమని వెతుకుతాడు? జబ్బు పేరు తెలియనివాడు మందు పేరు ఎలా అడుగుతాడు? కొందరు బాక్సులు వస్తున్నాయంటారు, కొందరు ఫాంట్ ఎగిరిపోయిందంటారు, ఇంకొందరు వైరస్ వచ్చిందంటారు. నీకు ఒకే ప్రశ్నలా వినిపిస్తుంది కానీ, వాళ్లలో ఎవరికీ తన ప్రశ్న పక్కవాడిదీ ఒకటేనని తెలియదు.

పైగా అది నిజంగా ఒకే ప్రశ్న అవునో కాదో కూడా చూడాలి. "అక్షరాలు పాడవుతున్నాయి" అన్నదానికి నాకు తెలిసి కనీసం మూడు కారణాలున్నాయి. ఒకటి, అనూ లాంటి పాత ఫాంట్లు. అందులో మనం కొట్టినవి కంప్యూటర్ లెక్కలో తెలుగు అక్షరాలే కావు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన అంకెల మీద తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఆ ఫాంట్ లేని చోట అసలు రూపం బయటపడుతుంది. దీనికి, ఆ మేటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడాలి. రెండు, మేటర్ యూనికోడ్‌లోనే ఉన్నా, ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు లేకపోవడం. అప్పుడు ఖాళీ డబ్బాలు వస్తాయి. ఫాంట్ మారిస్తే చాలు. మూడు, ఫొటోషాప్‌లోనో ఇన్‌డిజైన్‌లోనో పేస్ట్ చేస్తే వత్తులు విడిపోయి పక్కన పడటం. అక్కడ ఫాంటూ బాగానే ఉంటుంది, మేటరూ బాగానే ఉంటుంది. మార్చాల్సింది సాఫ్ట్‌వేర్ సెట్టింగు. మూడో సమస్య ఉన్నవాడికి నువ్వు కన్వర్టర్ లింక్ పడేస్తే, బాగున్న మేటర్ కూడా పాడు చేసుకుని రాత్రంతా కూర్చుంటాడు.

అందుకని లింక్ ఇచ్చే ముందు ఒక్క మాట అడుగు: "ఎందులో టైప్ చేశారు, ఎందులో పేస్ట్ చేశారు?" ఆ రెండూ తెలిస్తే చాలావరకు సంగతి తేలిపోతుంది. "వెర్షన్ చెప్పకుండా ఎలా చెప్పమంటారు" అని కసురుకోవద్దు. వెర్షన్ ఎక్కడ చూడాలో నువ్వే చెప్పు, చూసి వస్తాడు.

యూనికోడ్‌లో తెలుగు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంట్ వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ ప్రశ్న ఎందుకంటావా? ప్రింటింగ్ పనిలో పాత ఫాంట్లు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి. ఆ పని కొత్తగా నేర్చుకునే పిల్లలు వస్తూనే ఉన్నారు కాబట్టి. ప్రశ్న ఆగిపోయిందంటే ఈ పనిలోకి కొత్తవాళ్లు రావడం మానేశారనో, మనల్ని అడగడం మానేశారనో అనుకోవాలి. రెండూ మనకు మంచివి కావు.

ఈ చిరాకు నీ ఒక్కదానిదే కాదులే. యూజ్‌నెట్ అని పాతకాలపు ఆన్‌లైన్ చర్చా వేదికలు ఉండేవి. ఆ రోజుల్లో అమెరికా యూనివర్సిటీల్లో ఏటా సెప్టెంబరులో కొత్త విద్యార్థులు చేరి, అడిగిందే అడిగేవారు. పాతవాళ్లు కొన్నాళ్లు ఓపిక పడితే వాళ్లకూ పద్ధతి అలవాటయ్యేది. 1993 నుంచి బయటి జనం రావడం మొదలై ఆ రద్దీ ఇక తగ్గలేదు. దానికి 'ముగియని సెప్టెంబర్' అని పేరు పెట్టుకుని వాపోయారు. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు వాళ్లయితే తమ దగ్గర కొత్తవాళ్లకు ఆదరణ సరిగా లేదని 2018లో బాహాటంగానే ఒప్పుకున్నారు. అంత పెద్ద చోటే అలా ఉంటే మన చిన్న గ్రూపులో ఒక్క పుల్లవిరుపు మాటకు మనిషి ఎంత తేలిగ్గా వెళ్లిపోతాడో ఆలోచించు. వెళ్లేవాడు గొడవేమీ పెట్టుకోడు. "సారీ సార్" అని పెట్టి లెఫ్ట్ అయిపోతాడు. వాడికి చివాట్లు పడటం చూసి, గ్రూపులో ఉండి కూడా అడగలేకపోయినవాళ్లు ఎందరో మనకు తెలియనే తెలియదు.

పాత జవాబులు దాచుకోవడం మంచిదే, కానీ వాటికీ వయసు మీద పడుతుంది. ఎక్స్‌పీ రోజుల్లో తెలుగు సరిగ్గా కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి ఒక టిక్కు పెట్టాలని చెప్పేవాళ్లం. ఇప్పటి విండోస్‌లో అది వెతికితే దొరకదు. ఫొటోషాప్‌లో వత్తులు సరిచేసే సెట్టింగు పేరు పాత వెర్షన్లలో 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' అని ఉంటే, ఆ తర్వాత వచ్చినవాటిలో 'వరల్డ్ రెడీ లేఅవుట్' అని మారింది. పాత మెసేజ్ చదివినవాడు ఆ పేరు కనబడక మళ్లీ మనల్నే అడుగుతాడు. అడగడం న్యాయమే కదా. ఎవరైనా అడిగిన ప్రతిసారీ నీ జవాబు ఇంకా పనిచేస్తోందో లేదో చూసుకుని, తేడా ఉంటే దిద్ది పెట్టుకో.

జవాబులో ముందు పరిష్కారం చెప్పు. పాత మెసేజ్ లింక్, వివరాలు ఆ తర్వాత. "ఇది ఇంతకుముందే చెప్పాం" అన్న ముక్క అసలు రాయకు. దాంతో ఎవరికీ ఏమీ ఒరగదు. అందరినీ మీరు అనే పిలువు, మన గ్రూపులో రిటైరైన మేష్టార్లూ ఉన్నారు, ఇంటర్ పిల్లలూ ఉన్నారు. స్క్రీన్‌షాట్ తియ్యడం రాక మానిటర్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పెడతారు. నవ్వే ఎమోజీలు పడకుండా చూడు. ఆ ఫొటోలో ఆధార్ నంబరో, కస్టమర్ వివరాలో కనిపిస్తే మాత్రం వెంటనే తీసేసి, ఎందుకు తీశావో విడిగా మెసేజ్ పెట్టి చెప్పు.

అన్నీ నువ్వే చెప్పాలని లేదు. విసుగ్గా ఉన్న రోజు ఫోన్ పక్కన పెట్టెయ్. పోయిన నెల ఇదే ప్రశ్న అడిగిన కుర్రాడికి అవకాశం ఇవ్వు, తను ఎక్కడ తికమకపడ్డాడో వాడికి ఇంకా గుర్తుంటుంది. సగం జవాబు చెప్తే అందరి ముందూ తప్పు పట్టకు. "బాగా చెప్పారు, దీనికి తోడు ఇది కూడా చూడండి" అని మిగతాది నువ్వు కలుపు.

ఈ ఆదివారం కూర్చుని పిన్ మెసేజ్ తిరగరాయి. మొదటి లైనులో యూనికోడ్ మాట ఎత్తకు. "తెలుగు పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు, డబ్బాలు వస్తున్నాయా? వత్తులు విడిపోతున్నాయా?" అని వాళ్లు అడిగే మాటలతోనే మొదలుపెట్టు. కింద మూడింటికీ మూడు జవాబులు. చివర్లో "అర్థం కాకపోతే గ్రూపులో అడగండి" అని తప్పకుండా రాయి. రాశాక ముందు నాకు పంపు, చూసి చెప్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న