ముఖం మీద ఏం రాసినా ఓర్చుకోలేనివాళ్ళు పెళ్ళి మేకప్ ఎలా వేసుకోవాలి?

రెండు నెలల్లో పెళ్ళి, ట్రయల్‌లో ఫౌండేషన్ వేసిన పది నిమిషాలకే ముఖం మండింది, ఎవరో తడిగుడ్డ కప్పినట్టు అనిపించింది, బ్యూటీషియన్ మాత్రం "అలవాటైపోతుందమ్మా" అంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు. నాకైతే ఇన్నేళ్ళకీ అలవాటు కాలేదండీ. అయినా నా పెళ్ళికి మేకప్ వేసుకున్నాను, అప్పగింతల దాకా ఉంచుకున్నాను.

నా సంగతి ముందు చెప్పాలి. చిన్నప్పుడు గౌను మెడ వెనక లేబుల్ కత్తిరిస్తే తప్ప స్కూలుకి కదిలేదాన్ని కాదు. పట్టు పరికిణీ జరీ నడుముకి తగిలితే ఏడుపు, అగరుబత్తి వెలిగిస్తే తలనొప్పి. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "దీనికి అన్నీ అతి". నిశ్చితార్థానికి మా పిన్ని తనకు తెలిసిన పార్లర్‌లో కూర్చోబెట్టింది. మెత్తటి బ్రష్ బుగ్గ మీద తిరుగుతుంటే చీమలు పాకుతున్నట్టే ఉంది. ఫంక్షన్ అయ్యేదాకా పళ్ళ బిగువున కూర్చున్నాను. రెండో రోజు సాయంత్రానికి కంటిరెప్పలు ఉబ్బిపోయాయి, మెడ పక్కన ఒకటే దురద. అందరం కలిసి ఫౌండేషన్‌ని తిట్టుకున్నాం.

స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "తెల్లబడటానికి మెడికల్ షాపులో క్రీమ్ ఏదైనా కొని రాస్తున్నావా?" అని. స్టెరాయిడ్ కలిసిన క్రీములు నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడిపోతుంది, ఆపిన కొన్నాళ్ళకి ఎర్రబడి మండుతుంది. ఆ స్థితిలో ఎంత ఖరీదైన మేకప్ వేసినా మంటే. నేను వాడలేదు కానీ మా ఇంట్లోనే ఇద్దరు వాడుతున్నారని ఆ రోజే తెలిసింది. మీ అలమరలోనూ అలాంటి ట్యూబ్ ఉంటే దాన్ని డాక్టర్‌కి చూపించి, ఎలా మానాలో అడగండి.

తర్వాత దేనికి ఎలర్జీ ఉందో తెలుసుకోవడానికి నాకు ప్యాచ్ టెస్ట్ చేశారు. వీపు మీద చిన్న చిన్న బిళ్ళలు అతికిస్తారు, ఒక్కోదానిలో ఒక్కో పదార్థం. 48 గంటలు వీపు తడపకూడదు, చెమట పట్టకూడదు. మే నెలలో విజయవాడలో చెమట పట్టకుండా ఉండటం ఎలాగో మీరే ఊహించుకోండి. తీశాక ఒకసారి, మళ్ళీ నాలుగో రోజు ఒకసారి చూస్తారు. చివరికి తేలిన దొంగ నెయిల్ పాలిష్! అందులోని రెసిన్, అంటే జిగురులాంటి పదార్థం, నాకు పడదు. వేళ్ళ చర్మం మందం కాబట్టి అక్కడ ఏమీ తెలియలేదు. మాటిమాటికీ ఆ గోళ్ళతోనే కళ్ళు నలుపుకుంటాం, మెడ గోక్కుంటాం కదా, అక్కడ బయటపడింది.

మరి ఫౌండేషన్ వేసినప్పటి నరకం? దానికి ఎలర్జీతో సంబంధం లేదు. అది స్పర్శ గొడవ. ఇవి రెండూ వేరని తెలిశాకే నాకు దారి దొరికింది. మీరూ ముందు ఇది తేల్చుకోండి. రాయగానే చురుక్కుమని, కడగగానే తగ్గిపోతే చాలావరకు అది చర్మానికి ఆ వస్తువు ఘాటెక్కువ కావడమే. ఒకటి రెండు రోజులు ఆగి దురద, వాపు, దద్దుర్లు వస్తే ఎలర్జీని అనుమానించాలి. మంటా దద్దూ ఏమీ లేకుండా, ఎప్పుడెప్పుడు తుడిచేసుకుందామా అన్న ఆరాటం మాత్రమే ఉంటే అది నా జబ్బే. మీ మాటల్ని బట్టి మీకు మంట ఒకటి, ఆ కప్పేసినట్టుండటం ఒకటి, రెండూ ఉన్నాయి.

మంట సంగతికి వస్తే, మీ బ్యూటీషియన్ వాడే ఫౌండేషన్, దానికి ముందు రాసే ప్రైమర్ కాస్త కాస్త ఇవ్వమని అడిగి కాంటాక్ట్ లెన్స్ డబ్బాలో తెచ్చుకోండి. మోచేయి మడత దగ్గర రూపాయి బిళ్ళంత మేర రోజుకి రెండుసార్లు, వారం పది రోజులు రాయండి. ఏ వస్తువు ఏ చేతికో కాగితం మీద రాసి పెట్టుకోండి, నేను మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. డబ్బా మీద "హైపోఅలర్జెనిక్" అని చూసి నమ్మకండి, ఆ మాట వాడటానికి కంపెనీలు పాస్ కావాల్సిన పరీక్షంటూ ఏదీ లేదు. "అన్‌సెంటెడ్" అన్నదాంట్లో కూడా అసలు వాసనను కప్పడానికి ఇంకో వాసన కలిపి ఉండొచ్చు. "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అని ఉన్నవి వెతకండి. అది మీ చర్మానికీ మంచిది, నాలాంటి ముక్కు ఉంటే దానికీ మంచిది.

మన పెళ్ళిళ్ళలో ఫౌండేషన్‌కి ముందే ముఖాన్ని పాడుచేసేవి బోలెడు. నలుగు పెట్టేటప్పుడు పెద్దమ్మలు సున్నిపిండితో బుగ్గలు రుద్దడం మొదలుపెడితే ఆపడం కష్టం. నేను "చేతులకీ కాళ్ళకీ ఎంతైనా రుద్దండి, ముఖానికి మాత్రం ఒక్క బొట్టు పెట్టండి చాలు" అని అమ్మ చేత ముందే చెప్పించాను. మెహందీ కోన్ గంటలో నల్లగా పండుతుందంటే వద్దనండి. గోరింటాకు ఎర్రగానో ముదురు గోధుమ రంగులోనో పండుతుంది తప్ప కారునలుపు రాదు. నలుపు కోసం హెయిర్ డైలో ఉండే పీపీడీ అనే రసాయనం కలుపుతారు, దానికి బొబ్బలెక్కిన చేతులు చూశాను. స్టిక్కర్ బొట్టు జిగురు కూడా కొందరికి పడదు. కొంతమందికి సరిగ్గా బొట్టు మేర నుదురు తెల్లబడిపోతుంది. నేను అప్పటికే మోచేతి మీద చూసుకున్న ఎర్ర లిప్ పెన్సిల్‌తో బొట్టు గీయించుకున్నాను, కళ్యాణ తిలకం కూడా దాంతోనే. ఎవరూ కనిపెట్టలేదు.

ఇక స్పర్శ. బ్రష్‌తో సుతారంగా రాస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అదే తడి స్పాంజ్‌తో గట్టిగా అద్దితే హాయిగా ఉంటుంది. బ్యూటీషియన్‌కి ఇది వింతగా అనిపించి రెండుసార్లు నవ్వింది, మూడోసారి అర్థం చేసుకుంది. ముట్టుకునే ముందు "ఇప్పుడు కుడి కన్ను" అని చెప్పమన్నాను. మేకప్ చెదరకుండా కొట్టే సెట్టింగ్ స్ప్రే ముఖం మీద కొట్టనివ్వలేదు, స్పాంజ్ మీద కొట్టి అద్దింది. హెయిర్ స్ప్రే వరండాలో. అసలు ముఖమంతా ఫౌండేషన్ ఎందుకు? కళ్ళ కింద, ముక్కు పక్కన, గడ్డం మీద మచ్చకి కన్సీలర్ వేయించుకుని మిగతా చర్మం వదిలేశాను. కప్పేసినట్టు అనిపించడం సగానికి సగం తగ్గింది. పెట్టుడు రెప్పలు వద్దన్నాను, కాటుక బాగా దిద్దించుకున్నాను. లిప్‌స్టిక్ అంటుకోని రకం. పెదవులు ఒకదానికొకటి అతుక్కుంటే నేను మంత్రాలు వినలేను.

ఒక్క ట్రయల్‌తో సరిపెట్టకండి. పూలజడ, నగలు, పట్టుచీర అన్నీ పెట్టుకుని నాలుగు గంటలు ఉండి చూడండి, మధ్యలో కాసేపు స్టవ్ దగ్గర నిలబడండి. మేకప్‌ని భరించగలిగాను గానీ జడ సవరం పిన్నులు కుచ్చుకుంటాయని నాకు అప్పుడే తెలిసింది. బాసికం కూడా అంతే. దారం నుదుటి మీద వదులుగా కొట్టుకుంటుంటే పిచ్చెక్కింది. అమ్మ దాని వెనక మెత్తటి నూలుగుడ్డ కుట్టి కాస్త బిగించి కట్టింది, ఇక దాని ఊసే గుర్తులేదు.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. తెల్లవారుజామున 3 గంటల ముహూర్తం, హోమం పొగకి కాటుక కారింది. ఫొటోల్లో నుదురు మెరుస్తోంది. ఒక అత్తయ్య "పెళ్ళికూతురు కళే లేదు" అని నాకు వినబడేలా అంది. కానీ తలంబ్రాల టైమ్‌లో నేను పళ్ళు బిగించుకుని లేను, నవ్వుతున్నాను. అది కూడా ఫొటోల్లోనే ఉంది.

తీసేటప్పుడు తడి వైప్స్‌తో రుద్దకండి. సువాసన లేని క్లెన్సింగ్ బామ్ రాసి అర నిమిషం ఆగితే మేకప్ దానంతటదే కరుగుతుంది.

మీకు రెండు నెలలే ఉంది కాబట్టి ముందు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. ప్యాచ్ టెస్ట్ అంటే ఒకే వారంలో మూడుసార్లు వెళ్ళాలి, షాపింగ్ హడావిడి మొదలయ్యాక అన్ని రోజులు దొరకవు.