కాలేజీ ప్రవేశాల మీద సదస్సులో సెషన్ ప్రతిపాదించాలంటే ఏం రాయాలి?

మేడం గారూ, మీరడిగింది ఇదీ: రాజోలు దగ్గర ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నారు, ఒక విద్యా సదస్సువాళ్లు 250 పదాల్లో ప్రతిపాదన పంపమన్నారు, ‘గ్రామీణ విద్యార్థులు – ఉన్నత విద్య: సవాళ్లు, అవకాశాలు’ అన్న శీర్షిక సరిపోతుందా అని. సరిపోదండి. ఆ పేరు కింద ఏదైనా పట్టేస్తుంది. అందుకే ఎంపిక చేసేవాళ్లకు మీరు ఏం చేయబోతున్నారో అర్థం కాదు, పక్కన పెట్టేస్తారు.

ఒక్క మెట్టు పట్టుకోండి. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుకీ కాలేజీలో పేరు నమోదైన రోజుకీ మధ్య ఎన్ని మెట్లున్నాయో మీకు తెలుసు: కౌన్సెలింగ్ ఫీజు, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు (కావలసిన కాలేజీలను ఆన్‌లైన్లో వరస పెట్టడం), సీటు అలాట్‌మెంట్, సెల్ఫ్ రిపోర్టింగ్ (వచ్చిన సీటు తీసుకుంటున్నామని ఆన్‌లైన్లో తెలపడం), చివరికి కాలేజీకి వెళ్లి ఒరిజినల్స్ చూపించడం. చదువులో వెనకబడని పిల్లలు కూడా వీటిలో ఏదో ఒకదాని దగ్గర ఆగిపోతున్నారు. మీ సెషన్ దాని గురించే ఉండాలి. ‘సీటొచ్చింది, చేరలేదు’ అని పేరు పెట్టినా చాలు, విషయం తెలిసిపోతుంది.

లెక్కల కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు, మొదలుపెట్టడానికి కావలసినవి మీ ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. కిందటేడు సెకండియర్ పరీక్ష రాసినవాళ్లు, పాసైనవాళ్లు, ఈఏపీసెట్ (ఇంజనీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ ప్రవేశ పరీక్ష) రాసినవాళ్లు, ఆప్షన్లు పెట్టినవాళ్లు, సీటు వచ్చినవాళ్లు, చేరినవాళ్లు అని ఒక కాగితం మీద ఆరు గడులు గీయండి. డిగ్రీ ప్రవేశాలూ ఆన్‌లైన్లోనే జరుగుతున్నాయి గనుక వాటికి ఇంకో వరస. మొదటి రెండు గడులు మార్కుల జాబితాతో నిండుతాయి. మిగతావాటికి టీసీ (కాలేజీ వదిలేటప్పుడు ఇచ్చే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్) రిజిస్టరు తెరవండి. చేరేటప్పుడు ఒరిజినల్ టీసీ అడుగుతారు కాబట్టి, డిసెంబరు దాకా టీసీ పట్టుకెళ్లని పిల్ల చాలావరకు ఎక్కడా చేరనట్టే. టీసీ పట్టుకెళ్లినంత మాత్రాన చేరినట్టు మాత్రం కాదు, అందుకే ఫోన్ చేయాలి. అందరికీ కుదరకపోతే రిజిస్టరులో ప్రతి మూడో పేరుకి చేయండి, తెలిసిన పిల్లలనే ఏరుకోవద్దు. ‘ఎందుకు చేరలేదమ్మా’ అని అడిగితే ‘డబ్బుల్లేక’ అని ఒక్క మాటతో అయిపోతుంది. ‘ఏ రోజు ఆగిపోయింది, ఆ రోజు చేతిలో ఏ కాగితం లేదు’ అని అడగండి, అసలు సంగతి అప్పుడు బయటికొస్తుంది.

బయటికొచ్చేవి ఇలా ఉంటాయి. ఆధార్‌లో ఇంటి పేరు పూర్తిగా ఉంటుంది, టెన్త్ మెమోలో ఒక్క అక్షరమే. ఈడబ్ల్యూఎస్ (వేరే రిజర్వేషన్ లేనివాళ్లలో ఆర్థికంగా వెనకబడినవాళ్లకిచ్చే) సర్టిఫికెట్ పాతది, ఆ సంవత్సరానిదే కావాలి. ఓటీపీ వెళ్లే నంబరు గల్ఫ్‌లో ఉన్న అమ్మది. ఆప్షన్లు నెట్ సెంటరతను తనకు తెలిసిన నాలుగు కాలేజీలు పెట్టి ముగించాడు. మన ర్యాంకుకి దొరికే కాలేజీ జాబితాలో లేకపోతే సీటే రాదన్న మాట ఇంట్లో ఎవరికీ తెలీదు. కొందరు వచ్చిన సీటును ఫోన్లో చూసుకుని సంతోషపడి, గడువులోగా రిపోర్ట్ చేయక పోగొట్టుకుంటారు. ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో వస్తుందని చేరబోతే బస్సు ఫీజు అడిగారని వెనక్కొచ్చినవాళ్లూ తగులుతారు.

మన గోదావరి డెల్టాకే చెందిన అడ్డంకులు కొన్ని ఉన్నాయి. బయట జిల్లాలవాళ్లు వాటిని ఊహించలేరు, మీ ప్రతిపాదనకు బలం అక్కడే. కౌన్సెలింగ్ జూలై, ఆగస్టుల్లో పడితే గోదావరి వరద కూడా అప్పుడే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు లంక ఊళ్లు (నది పాయల మధ్య ఊళ్లు) నీళ్లలో ఉన్నాయి. పడవ మీద బయటికొచ్చే ఇంటికి ‘రేపు సాయంత్రం ఐదింటిలోగా’ అన్న గడువు ఎలా అందుతుంది? సఖినేటిపల్లి పిల్లకు నరసాపురం కాలేజీ మ్యాపులో గోదావరి అవతలే కనిపిస్తుంది. పంటు (మనుషుల్నీ బళ్లనూ ఏరు దాటించే పెద్ద పడవ) ఆగిన రోజు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. యానాం పిల్లలు మన పిల్లల్లాగే తెలుగులో మాట్లాడినా వాళ్ల ప్రవేశాలు పుదుచ్చేరి ప్రభుత్వ ప్రవేశాల కమిటీ సెంటాక్ ద్వారా జరుగుతాయి, గడువులు వేరు. ఈ మూడింటిలో మీ పిల్లలకు తగిలేది ఒక్కటి చాలు, మూడూ దూర్చొద్దు.

ఇక సెషన్ ఎలా నడుస్తుందో నిమిషాలతో సహా రాయాలి. 60 నిమిషాలిస్తే: పరిచయానికి 5, మీ ఆరు గడుల కాగితానికి 10, బల్లల దగ్గర పనికి 25, బల్లకొకరు చెప్పడానికి 12, తమ కాలేజీలో చేసే ఒక పని రాసుకోవడానికి 8. ఆ 25 నిమిషాలే ప్రాణం. బల్లకో ఊహా విద్యార్థి ఫైలు ఇవ్వండి: ర్యాంకు, కేటగిరీ, ఊరు, చేతిలో ఉన్న సర్టిఫికెట్లు, ఇంట్లో ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది. 12 కాలేజీలకు మీరే పేర్లు పెట్టి, సీట్లు, దూరం, బస్సు ఫీజు వేసిన జాబితా ఇచ్చి, కాగితం మీదే ఆప్షన్లు వరస పెట్టమనండి. ఆ 25లో 15వ నిమిషంలో మీరు అలాట్‌మెంట్ చదవండి. సీటు రాని బల్ల తన జాబితాను మళ్లీ చూసుకుంటుంది. మీరు ఎంత ఉపన్యాసం ఇచ్చినా రాని తెలివిడి అక్కడ వస్తుంది. అసలు వెబ్‌సైట్ తెరిచి చూపిద్దామనుకోకండి. ఆ రోజు లింకు పనిచేయకపోవచ్చు, హాల్లో నెట్ రాకపోవచ్చు.

ఆరుగురేసి కూర్చునే 5 బల్లలు కావాలని ప్రతిపాదనలోనే అడగండి, లేకపోతే వరస కుర్చీల హాలు ఇస్తారు, ఈ పని జరగదు. కాగితాలు 30 కాదు, 40 తీసుకెళ్లండి.

ఒక విద్యార్థిని మాట్లాడించాలని మీరు రాశారు, తప్పకుండా. కానీ ఆ పిల్ల చేత కష్టాలు చెప్పించొద్దు. ఆప్షన్లు పెట్టేటప్పుడు బల్లల మధ్య తిరిగి సలహా ఇచ్చే పని అప్పగించండి, పేరు వక్తల్లో రాయండి, దారి ఖర్చులు ఎవరివో ముందే తేల్చండి. ఫోన్లలో తెలిసినవాటికి పేర్లు, ఊళ్లు తీసేయాలి. చిన్న ఊళ్లో ‘గల్ఫ్‌లో తల్లి, బైపీసీ’ అంటే చాలు, ఎవరో పోల్చేస్తారు.

250 పదాలను ఇలా పంచండి: సమస్యకు 50, మీ లెక్కలకు 60, గదిలో జరిగే పనికి 90, వచ్చినవాళ్లు తీసుకెళ్లేదానికి 50. చాలామంది సమస్యకే 200 ఖర్చుపెట్టేస్తారు. మొదటి వాక్యం మీ లెక్కే కావాలి: ‘మా కాలేజీలో కిందటేడు సీటొచ్చిన ఇంతమందిలో ఇంతమంది చేరలేదు, ఎక్కడ ఆగారో తెలుసుకున్నాం’ అని. ఇంగ్లీషులో పంపాల్సి వచ్చినా ముందు తెలుగులో రాసుకోండి, మాట తేటగా వస్తుంది. తర్వాత ప్రవేశాల పని తెలియని బంధువు ఎవరికైనా చదివి వినిపించి, ‘గదిలో ఏం జరుగుతుంది?’ అని అడగండి. చెప్పలేకపోతే ఆ 90 పదాలు మళ్లీ రాయాలి.